తాళం చేతులు మారింది, పేరు మారిందా?

ముందుమాట

నల్లగొండలో నా వయసువాడికి ముందుమాటలు రాసే పని తరచుగానే తగులుతుంది. కవితా సంపుటాలు, ఊరి చరిత్రలు, ఉద్యమ జ్ఞాపకాలు ఇంటికి వస్తూనే ఉంటాయి. ఫాస్టాగ్ గురించి, కారు పేరు మార్పిడి గురించి రాసిన పుస్తకం పట్టుకొచ్చినవాడు మాత్రం ఈ చిరంజీవి ఒక్కడే. “దీనికి పీఠిక ఎందుకురా?” అంటే, “వకీలు సారు చెప్పిండంటే జనం చదువుతరు సార్” అన్నాడు. ఆ మాటలో పొగడ్త కంటే వ్యాపారమే ఎక్కువ. అయినా రాతప్రతి పూర్తిగా చదివాక ఒప్పుకున్నాను. ఒప్పుకోవడానికి నా కారణం నాకుంది.

నేను నల్లగొండ, మహబూబ్‌నగర్ కోర్టుల్లో మోటారు ప్రమాదాల పరిహారం కేసులు వాదించి విశ్రాంతి తీసుకున్నవాణ్ని. బాధితుల పక్షాన నిలబడ్డాను, బండి ఓనర్ల పక్షానా నిలబడ్డాను. ఓనరు పేరిట నోటీసు అందుకుని వచ్చినవాళ్లలో కొందరు కూర్చోకముందే ఒక మాట అనేవారు: “ఆ బండి నేనెప్పుడో అమ్మిన సారూ.” ఎవరికమ్మారంటే పేరు చెప్పేవారు. కాగితమేదంటే మడతలు పడ్డ బాండు పేపరు తీసేవారు. ఆర్సీలో, అంటే బండి రిజిస్ట్రేషను పత్రంలో, ఎవరి పేరుందని అడిగితే మాట పెగిలేది కాదు. ఆ పేరు వాళ్లదే. బీమా ఉన్న బండైతే కంపెనీ కట్టుకునేది. లేనిదైతే ఎన్నడో అమ్ముకున్న బండికి ఇప్పుడు డబ్బు కట్టమని తీర్పు వచ్చేది. కోర్టుదాకా వచ్చాక మేం చేయగలిగింది తక్కువ. రాకముందు చేయవలసింది ఈ పుస్తకంలో ఉంది.

రచయితది రవాణా శాఖ కార్యాలయం ఎదురుగా ఉన్న ఒక జిరాక్సు, ఆన్‌లైన్ సెంటరు. స్లాటు బుక్ చేయడం, పేరు మార్పిడికి కావలసిన ఫారం 29, ఫారం 30 ప్రింటు తీసి నింపడం, ట్యాగ్ రీఛార్జి చేయడం అతని పొద్దస్తమాన పని. వచ్చినవాళ్లు అడిగిన ప్రశ్నలను లాంగ్ నోట్‌బుక్కులో రాసుకుంటూ పోయాడు. ఆ నోట్‌బుక్కే ఈ పుస్తకానికి తల్లి. ప్రతి అధ్యాయం పైనా అడిగినవాళ్ల ప్రశ్న వాళ్ల మాటల్లోనే ఉంటుంది. “ట్యాగ్ పీకి పారేస్తే సరిపోతదా?” “బండి అమ్మి ఏడాదైంది, టోల్ మెసేజ్‌లు ఇంక నా ఫోన్‌కే వస్తున్నయ్, ఏం జేయాలె?” “మా ఆయన కాలం జేసిండు, కారు మా పిలగాడు నడుపొచ్చునా?” ఈ ప్రశ్నలకు జవాబులు ఇంగ్లిషులో, హిందీలో దొరుకుతాయి. మన మనిషి మన మాటలో అడిగినదానికి వరుసగా తెలుగులో జవాబు చెప్పిన పుస్తకం నా కంటపడటం ఇదే మొదలు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ అనే మన రెండు పాత జిల్లాలకు ఈ పుస్తకం ప్రత్యేకంగా అవసరం. దేశంలో పెద్ద రోడ్లు రెండు మన గడప ముందునుంచే పోతాయి. పుణె నుంచి మచిలీపట్నం వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడల మీదుగా సాగుతుంది. పెద్దవాళ్ల నోట్లో అది ఇంకా నైన్త్ హైవేనే. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా సాగే 44వ నంబరు రహదారి షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణను దాటి, కర్నూలు వైపు పోతుంది. అది పాత సెవెన్త్ హైవే. విజయవాడ రోడ్డు మీద నాలుగు వరసలు పూర్తయి 2012 చివర టోల్ మొదలైనప్పటి నుంచి పంతంగి, కొర్లపహాడ్ పేర్లు తెలియని డ్రైవరు లేడు. ఆంధ్ర సరిహద్దు దాటితే చిల్లకల్లు. బెంగళూరు రోడ్డు మీద రాయకల్, శాఖాపూర్, పుల్లూరు. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద మాడుగులపల్లి. పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ప్రాజెక్టులు, రోడ్లు కట్టారు. వాళ్ల పిల్లలు, మనుమలు ఇవాళ హైదరాబాదులో క్యాబ్‌లు నడుపుతున్నారు, సెకండ్‌హ్యాండ్ కార్లు కొనుక్కుని పండక్కి ఊరికి వస్తున్నారు. దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి వీధుల్లో నిలబడ్డ కార్లలో హైదరాబాదు నంబర్లెన్నో, వాటి ఆర్సీల మీద ముందటి ఓనరు పేరు మారనివెన్నో రచయితకు తెలుసు. ఆ కాగితాలు అతని జిరాక్సు మిషను మీంచే పోతాయి కదా.

మొదటి అధ్యాయం టోల్ కట్టే ఫాస్టాగ్ ఎట్లా పనిచేస్తుందో చెబుతుంది. తీగలు, కోడ్లు అంటూ భయపెట్టకుండా చెప్పిన తీరు బాగుంది. కారు అద్దానికి లోపలివైపు, మధ్యలో పైకి అంటించే ఆ చీటీలో బ్యాటరీ ఉండదు. కాగితం పొరల మధ్య వెంట్రుకంత సన్నని లోహపు యాంటెన్నా, దానికి ఆనుకుని చిన్న చిప్పు ఉంటాయి. టోల్ గేటు పైనున్న రీడరు రేడియో తరంగాలు వదిలితే, ఆ తరంగాల శక్తితోనే చిప్పు మేలుకుని తన నంబరు చెబుతుంది. ఆ నంబరు గేటు తరఫు బ్యాంకుకు, అక్కణ్నుంచి ఎన్‌పీసీఐ నడిపే వ్యవస్థకు, చివరికి ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకు చేరుతుంది. ఖాతాలోంచి రుసుము తెగుతుంది. కారు, జీపు, వ్యాను తరగతికి ఊదా రంగు చీటీ. దాన్ని గోటితోనో బ్లేడుతోనో పీకితే యాంటెన్నా తెగిపోతుంది. ఒక బండిది ఇంకో బండికి అంటించకుండా అట్లా తయారుచేశారు. అయితే చీటీ చిరిగినంత మాత్రాన బ్యాంకులో ఖాతా మూతపడదు. “ట్యాగ్ పీకి పారేస్తే సరిపోతదా?” అన్న ప్రశ్నకు రచయిత జవాబు ఇదే. అద్దం మీద చీటీ పోయినా, బ్యాంకు రికార్డులో ఆ బండి నంబరుకు పాత ఓనరు పేరు అతుక్కునే ఉంటుంది.

ఈ ఫాస్టాగ్ పద్ధతి ఎట్లా వచ్చిందో కూడా క్లుప్తంగా చెప్పాడు. 2017 డిసెంబరు 1 నుంచి కొత్త కార్లకు ట్యాగ్ అంటించే అమ్మాలన్నారు. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి టోల్ గేటులో అన్ని వరసలూ ఫాస్టాగ్ వరసలే అయ్యాయి, ట్యాగ్ లేకపోతే రెట్టింపు కట్టాలన్నారు. 2025 నవంబరు 15 నుంచి ఆ నియమంలో చిన్న సడలింపు వచ్చింది. చెల్లే ట్యాగ్ లేనివాళ్లు నగదు ఇస్తే రెట్టింపు, యూపీఐతో కడితే ఒకటింబావు రెట్లు అన్నారు. ట్యాగ్ రాకముందు టోల్ గేటు దగ్గర చిల్లర కోసం జరిగిన కొట్లాటలు, చిల్లరకు బదులు చేతిలో పెట్టిన చాక్లెట్లు, సంక్రాంతి ముందు రోజుల్లో పంతంగి దగ్గర కిలోమీటర్ల కొద్దీ నిలిచిన కార్లు చూసినవాళ్లకు ఈ మార్పు విలువ తెలుసు. పండక్కి పంతంగి ఇప్పటికీ కిక్కిరుస్తుంది. కానీ గేటు దగ్గర ఒక్కో బండి ఆగే సేపు బాగా తగ్గింది.

ఇక్కడివరకు ఏ సమాచార పుస్తకమైనా చెబుతుంది. ఈ పుస్తకం బలమంతా మూడో అధ్యాయంలో ఉంది.

మన దగ్గర సెకండ్‌హ్యాండ్ కారు ఎట్లా అమ్ముడుపోతుందో రచయిత దగ్గరుండి చూపించాడు. బేరం హోటల్లో చాయ్ మీద కుదురుతుంది. టైర్లు కాలితో తన్ని చూస్తారు, బానెట్ లేపి ఇంజను మోత వింటారు, డిక్కీలో స్టెప్నీ ఉందో లేదో చూస్తారు. పైసలు కొన్ని నగదు, కొన్ని ఫోన్‌పే. తర్వాత వంద రూపాయల బాండు పేపరు మీద “నేటి ఫలానా గంట నుంచి జరిగే యాక్సిడెంట్లకు, చలాన్లకు కొన్నవారే బాధ్యులు” అని రాసే డెలివరీ లెటరు. ఫారం 29 మీద, ఫారం 30 మీద అమ్మినవాడి సంతకం, కొన్నవాడి పేరు దగ్గర ఖాళీ. వీటినే ఓపెన్ ఫారాలంటారు. కొన్నవాడు ఆరు నెలలు నడిపి లాభం చూసుకుని ఇంకొకరికి అమ్మేస్తాడు. అదే ఓపెన్ ఫారం ఇంకో చేతికి పోతుంది. ఖాళీలో ఎవరి పేరూ పడదు. బండి మూడు చేతులు మారుతుంది, ఆర్సీ మాత్రం మొదటివాడి పేరు మీదే కదలకుండా కూర్చుంటుంది.

ఈ దృశ్యాన్ని ఇంత సూక్ష్మంగా ఏ న్యాయశాస్త్ర గ్రంథంలోనూ నేను చదవలేదు. దీనికి చట్టం ఏమంటుందో కూడా తప్పు లేకుండా రాశాడు. 1988 మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం, అదే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవాడు 14 రోజుల్లోగా రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలి. కొన్నవాడు 30 రోజుల్లోగా తన పేరు మీదికి మార్పించుకోవాలి. 157వ సెక్షను ప్రకారం బీమా కొత్త ఓనరుకు మారినట్టే లెక్కగానీ, పాలసీలో పేరు మార్చమని 14 రోజుల్లోగా బీమా కంపెనీని అడగాల్సిన బాధ్యత అతనిదే. బండి మీద అప్పుంటే ఫైనాన్స్ కంపెనీ ఒప్పుకోలు లేనిదే పేరు మారదు. అప్పు తీరినా ఫారం 35తో ఆర్సీలోంచి హైపోతికేషన్, అంటే అప్పు నమోదు, తీయించాలి. పాత కార్ల వ్యాపారికి అప్పగించేటప్పుడు అతను అధీకృత డీలరా కాదా అని చూసుకోవాలి. 2022 డిసెంబరులో కేంద్రం నోటిఫై చేసిన నిబంధనల ప్రకారం, అటువంటి డీలరుకు బండి అప్పగించినట్టు ఆన్‌లైన్‌లో తెలియజేస్తే అప్పటినుంచి బాధ్యత డీలరుది.

డెలివరీ లెటరుకు విలువే లేదా అని నన్ను అడిగినవాళ్లు చాలామంది. ఆ కాగితం అమ్మినవాడికీ కొన్నవాడికీ మధ్య సాక్ష్యం. ప్రమాదంలో చచ్చిపోయినవాడి భార్యా పిల్లల ముందు అది అడ్డుగోడ కాదు. 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ సంగతి తేల్చేసింది. ఒకరి నుంచి ఒకరికి వరుసగా అమ్ముడుపోయిన కారు కింద పడి ఒక పిల్లవాడు చనిపోయిన కేసు అది. ప్రమాదంనాటికి రికార్డులో ఎవరి పేరుందో చట్టం దృష్టిలో వారే ఓనరు అని, పరిహారం బాధ్యత వారిదేనని కోర్టు చెప్పింది. బాధితులు చేతులు మారిన జాడ వెంటబడి ఒక్కొక్కరినీ వెతుక్కోవలసిన పని లేదంది. నేను బల్లకు ఆ పక్కా ఈ పక్కా కూర్చున్నవాణ్ని గనుక చెబుతున్నాను, ఈ తీర్పు న్యాయమైనది. కాకపోతే దాని బరువు ఎవరి మీద పడుతుందో పల్లెటూరి మనిషికి ముందే తెలియాలి.

భూమి అమ్మిన రైతు పట్టాలో పేరు మారిందా లేదా అని చూసుకోకుండా నిద్రపోడు. మన తెలంగాణలో సాగుభూమికి రిజిస్ట్రేషను, మ్యుటేషను ఒకేచోట ఒకేసారి జరిగే పద్ధతి వచ్చి ఏళ్లయింది. ఆ జాగ్రత్తలో పదో వంతు కారు మీద పెడితే చాలు. కారు సంగతికొచ్చేసరికి తాళంచెవి ఇచ్చేసి చేతులు దులుపుకుంటున్నాం.

ఇంతకాలం ఆర్సీలో పేరు మారకపోతే ఆ సంగతి ప్రమాదం జరిగినప్పుడో, పోలీసులు ఇంటికి వచ్చినప్పుడో మాత్రమే బయటపడేది. ఫాస్టాగ్ వచ్చాక రోజూ బయటపడుతోంది. మిర్యాలగూడలో ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు కారు అమ్మేసి ఇంట్లో కూర్చున్నాడనుకుందాం. ఆయన ఫోనుకు పొద్దున్నే రాయకల్, గంటన్నరకు శాఖాపూర్, ఆ వెనుకే పుల్లూరు అని మెసేజ్‌లు వస్తాయి. తన పేరు మీదున్న బండి తనకు తెలియని మనిషి చేతిలో కర్నూలు దాటుతోందని ఆ మెసేజ్‌లు చెబుతున్నాయి. డబ్బు పోతోందన్నది చిన్న బాధ. ఆ బండి చేసే ప్రతి పనికీ కాగితం మీద తానే జవాబుదారు కావడం పెద్ద బాధ. టోల్ మెసేజిని కోర్టు నోటీసుకు ముందు వచ్చే హెచ్చరికగా చదవమంటాడు రచయిత. చట్టం చదవని ఈ కుర్రవాడి మాట నాకు చాలామంది వకీళ్ల మాటకంటే పదునుగా తోచింది.

కొన్నవాడి బాధ ఇంకో రకం. ట్యాగ్ మూడింటితో ముడిపడి ఉంటుంది: బండి నంబరు, బండి తరగతి, కేవైసీ ఇచ్చిన మనిషి. కారుతోపాటు అది కొత్త ఓనరుకు బదిలీ కాదు. పాతవాడు బ్యాంకులో మూయించాలి, కొత్తవాడు తన పేరు మీద కొత్తది తీసుకోవాలి. 2024లో “ఒక వాహనం, ఒక ఫాస్టాగ్” నియమం గట్టిగా అమల్లోకి వచ్చాక, పాత ట్యాగ్ బతికుండగా కొత్తది తీసుకోబోతే చిక్కే. పాతవాడికి ఫోన్ చేస్తే ఎత్తడు, ఎత్తినా ఏ బ్యాంకు ట్యాగో అతనికే గుర్తుండదు. షోరూములో కారు తీసుకున్ననాడు వాళ్లే అంటించి ఇచ్చిందాయె. దీనికి పుస్తకంలో సులువైన దారుంది. ఎన్‌పీసీఐ వెబ్‌సైటులో బండి నంబరు కొడితే ట్యాగ్ ఏ బ్యాంకుదో, నడుస్తోందో లేదో తెలుస్తుంది. 2024 మార్చి 15 తర్వాత పేటీఎం పేమెంట్స్ బ్యాంకు ట్యాగుల్లో కొత్తగా డబ్బు వేయడం ఆగిపోయినప్పుడు, తమ ట్యాగ్ ఏ బ్యాంకుదో తెలియని ఓనర్లు ఎంతమందో అతని సెంటరు ముందు వరస కట్టారట.

అమ్మకం రోజున చేయవలసిన పనులను రచయిత ఒకే పేజీలో పెట్టాడు. ఆ పేజీని చించి కారు డ్యాష్‌బోర్డులో పెట్టుకోమని నా సలహా. అప్పుంటే ముందు బ్యాంకు నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం. పెండింగు చలాన్లు చూసి కట్టేయడం. ఇద్దరూ ఫారాలు పూర్తిగా, పేర్లు, తేదీలతో నింపి సంతకం చేయడం, ఖాళీ ఫారం ఎవరికీ ఇవ్వకపోవడం. కొన్నవారి గుర్తింపు కాగితాల నకళ్లు తీసి ఉంచుకోవడం. ట్యాగ్ ఇచ్చిన బ్యాంకు యాప్‌లోనో కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసో ట్యాగ్ మూయించి, మిగిలిన బ్యాలెన్సు, సెక్యూరిటీ డిపాజిటు వెనక్కి అడగడం. ట్యాగ్ మూసినట్టు వచ్చిన మెసేజిని దాచుకోవడం. ఆ తర్వాతే తాళంచెవి. చివరగా, పేరు మారిందో లేదో నెల తిరక్కముందే ఆన్‌లైన్‌లో చూసుకోవడం. ఈ వరసలో ఒక్క మెట్టు కూడా అదనంగా లేదు.

నాలుగో అధ్యాయం మన సరిహద్దు ఊళ్లకోసం. మక్తల్, నారాయణపేట వాళ్లకు రాయచూరు దగ్గర. గద్వాల, అలంపూర్ వాళ్లకు కర్నూలు దగ్గర. అక్కడ కారు అగ్గువకు దొరికిందని కేఏ 36 నంబరు బండో, పాత ఏపీ 21 నంబరు బండో తెచ్చుకుంటారు. రాష్ట్రం దాటిన బండికి అక్కడి కార్యాలయం నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ కావాలి, ఇక్కడ పన్ను కట్టాలి, ఇక్కడి నంబరు పడాలి. వేరే రాష్ట్రపు నంబరుతో ఇక్కడ 12 నెలలు మించి ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు. నంబరు మారితే ట్యాగ్ కూడా మారాలన్న సంగతి చాలామందికి తట్టదు. పాత నంబరు మీదున్న ట్యాగ్‌తో కొత్త నంబరు ప్లేటు గేటు దగ్గరికి వస్తే పేచీ తప్పదు. మన దగ్గరే నంబర్లు ఎన్ని రకాలు! నల్లగొండ ఏపీ 24 తర్వాత టీఎస్ 05 అయింది. మహబూబ్‌నగర్ ఏపీ 22 తర్వాత టీఎస్ 06 అయింది. 2016లో కొత్త జిల్లాలొచ్చి సూర్యాపేటకు 29, యాదాద్రికి 30, నాగర్‌కర్నూలుకు 31, వనపర్తికి 32, గద్వాలకు 33 వచ్చాయి. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ. పాత ఏపీ, టీఎస్ నంబర్లు అట్లాగే చెల్లుతాయి, కంగారుపడి మార్పించుకోవలసిన పనిలేదని కూడా చెప్పడం మంచిదైంది.

అయిదో అధ్యాయం చదువుతుంటే నా మనసు కలుక్కుమంది. ఓనరు చనిపోతే ఏం చేయాలన్నది అందులో ఉంది. కారు తెచ్చిన మనిషి పోయాక, ఇంట్లోవాళ్లకు ఆ కారు కాగితాల మీద ధ్యాస ఎక్కడుంటుంది? నిబంధన ప్రకారం, చనిపోయిన 30 రోజుల్లోగా అధికారికి తెలియజేస్తే వారసులు మూడు నెలలపాటు బండిని వాడుకోవచ్చు. ఆ మూడు నెలల్లోగా ఫారం 31తో పేరు మార్పిడికి దరఖాస్తు పెట్టాలి. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల ఒప్పుకోలు కావాలి. ట్యాగ్ చనిపోయినవారి కేవైసీ మీద నడుస్తుంది గనుక, దాన్ని మూయించి కొత్తది తీసుకోవాలి. బీమాలోనూ పేరు మారాలి. ఇవన్నీ ఒక ఆడమనిషి ఒంటరిగా చేసుకోగలిగేట్టు, ఏ కాగితం ఏ కిటికీ దగ్గర ఇవ్వాలో సహా రాశాడు. ఏజెంటు చేతిలో పడకుండా ఆ పని చేసుకోవాలన్నది అతని కోరిక. ఆన్‌లైన్ సెంటరు నడిపే మనిషి తన గిరాకీ తగ్గే సలహా పుస్తకంలో అచ్చువేయించడం అతని నిజాయితీకి గుర్తు.

ఇందాక దాటేసిన రెండో అధ్యాయానికి వెనక్కి వస్తే, అందులోని టోల్ పాసుల లెక్కలు ఉద్యోగులకు బాగా పనికొస్తాయి. 2025 ఆగస్టు 15న మొదలైన వార్షిక పాసు సొంత కార్లకు, జీపులకు, వ్యాన్లకే. మొదలైనప్పుడు ధర 3,000 రూపాయలు. ఏడాదిగానీ 200 దాటింపులుగానీ, ఏది ముందైతే అంతవరకు. దీన్ని రచయిత మన రోడ్లకు లెక్కగట్టి చూపాడు. మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాదు పోయి వస్తే రాయకల్ రెండుసార్లు, అంటే పాసు మీద వంద రాకపోకలు. సూర్యాపేట నుంచి పోయి వస్తే పంతంగి, కొర్లపహాడ్ కలిపి నాలుగు, అంటే యాభై. హైదరాబాదు నుంచి విజయవాడ పోయి వచ్చేవాడికి ఆరు చొప్పున తెగుతాయి. ఈ పాసు జాతీయ రహదారులకు, జాతీయ ఎక్స్‌ప్రెస్‌వేలకే. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు మీద, రాష్ట్ర రహదారుల మీద మామూలుగానే డబ్బు తెగుతుంది. పాసు బండి నంబరుకు కట్టుబడి ఉంటుంది గనుక కారు అమ్మితే అది మీ కొత్త కారుకు రాదు. అమ్మే ఆలోచన ఉన్నవాళ్లు ఈ ఒక్క వాక్యం చదివినా పుస్తకం ఖరీదు గిట్టుతుంది. గేటుకు 20 కిలోమీటర్లలోపు ఉండే సొంత కార్లవాళ్లకు నెల పాసుంది. 2007–08 లెక్కన 150 రూపాయలుగా పెట్టిన ఆ రేటు ఏటా పెరుగుతూ ఇప్పుడు మూడొందలు దాటింది. చౌటుప్పల్, కేతేపల్లి చుట్టుపక్కల వాళ్లలో దీని సంగతి తెలియనివాళ్లున్నారు. 24 గంటల్లో తిరిగొస్తే రానూపోనూ కలిపి ఒకటిన్నర రెట్లే. బైకుకు, ఆటోకు, ట్రాక్టరుకు టోల్ లేదు. వడ్లు నింపుకుని మిర్యాలగూడ మిల్లుకు పోయే రైతు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. గేటు దగ్గర అన్యాయం జరిగిందనిపిస్తే 1033కు ఫోన్ చేయాలి.

టోల్ లాంటి సుంకం మన తెలుగు నేలకు కొత్తది కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో అభయశాసనం వేయించి, సముద్ర వర్తకులు ఏ సరుకుకు ఎంత కట్టాలో రాతి మీద చెక్కించాడు. కట్టేవాడికి ఎంత కట్టాలో, ఎందుకు కట్టాలో ముందే తెలిసుండటం రాజ్యానికీ ప్రజకీ మంచిదన్న తెలివి అందులో ఉంది. ఇవాళ రేట్లు గేటు దగ్గర బోర్డు మీద ఉంటాయి, నియమాలు మాత్రం పదిచోట్ల చెదిరి ఉంటాయి. వాటిని ఏరి ఒకచోట చేర్చడమే ఈ పుస్తకం చేసిన పని.

మన పిల్లలు స్థిరపడ్డ డాలస్‌లో 1989లోనే నార్త్ టోల్‌వే మీద టోల్‌ట్యాగ్ మొదలైంది. అక్కడ కారు అమ్మినవాడు మోటారు వాహనాల శాఖకు అమ్మకం సమాచారం పంపుకోకపోతే, తర్వాతి టోల్ బిల్లులు, జరిమానాలు అతని తలుపే తడతాయి. సెలవుల్లో వచ్చిన మా బంధువుల పిల్లవాడు ఈ పుస్తకం ప్రతి తిరగేసి, “ఇదంతా మాకు అక్కడ కారు అమ్మిన రోజే చేయడం అలవాటు తాతయ్యా” అన్నాడు. అలవాటు కావాలంటే ముందు తెలియాలి గదా.

పెద్దవాడిగా రెండు సూచనలు. టోల్ రేట్లు ప్రతి ఏప్రిల్ 1న మారుతాయి, నియమాలు అంతకంటే వేగంగా మారుతున్నాయి. అందుచేత ప్రతి ముద్రణ మీదా ఏ నెలవరకు సరిచూశారో అట్ట మీదే వేయాలి. రెండోది, దేవరకొండ, అచ్చంపేట తండాల్లో కార్లు నడిపే పిల్లలు వందల్లో ఉన్నారు. అమ్మకం రోజు పేజీని లంబాడీ మాటల్లో, మహబూబ్‌నగర్ పాత బస్తీ కోసం ఉర్దూలో కూడా వేస్తే బాగుంటుంది. టోల్ న్యాయమా అన్యాయమా అన్న చర్చలోకి రచయిత పోలేదు. ఆ చర్చ జరగవలసిందే, దానికి వేరే పుస్తకం ఉండాలి. ఇది చేతి పుస్తకం, దాని హద్దు దానికి తెలుసు.

భాష గురించి ఒక మాట. “బదిలీదారు”, “స్వీకర్త” లాంటి పదాలతో హడలగొట్టకుండా అమ్మినవాడు, కొన్నవాడు అనే రాశాడు. ఆర్సీ, ఎన్ఓసీ, బ్లాక్‌లిస్టు లాంటి మాటలను జనం పలికినట్టే ఉంచాడు. కోర్టులో నలభై పేజీల కౌంటరు రాయడం తేలిక. ఒక మనిషి కిటికీ ముందు నిలబడి చదువుకుని పని ముగించుకోగలిగే నాలుగు వాక్యాలు రాయడం కష్టం. ఈ చిరంజీవి ఆ కష్టమే పడ్డాడు. అతనికి నా ఆశీస్సులు. అతని సెంటరుకు గిరాకీ తగ్గకుండుగాక, జనానికి తిప్పలు తగ్గుగాక.

పాఠకులకు నా మనవి ఒక్కటే. ఈ వారం మీ ఇంట్లో ఉన్న కారు ఆర్సీ తీసి చూడండి, ట్యాగ్ ఎవరి పేరు మీదుందో చూడండి. మీరు అమ్మేసిన పాత కారు నంబరు గుర్తుంటే దాని సంగతీ ఆన్‌లైన్‌లో చూడండి. ఆ పేర్లు, బండి నడుపుతున్న మనిషి పేరు ఒకటి కాకపోతే మొదటి రెండు అధ్యాయాలు తర్వాత చదువుకోవచ్చు. నేరుగా మూడో అధ్యాయం తెరిచి, అందులో చెప్పిన పని రేపే మొదలుపెట్టండి.